గీసిన గీత మాయమవుతోంది!

ప్రశ్న: గద్వాల చీర ఫొటో మీద మౌస్‌తో అంచు గీసుకునే చిన్న ప్రోగ్రాం సీ షార్ప్‌లో రాస్తున్నాను. మౌస్ వేగంగా కదిపితే చుక్కలే పడుతున్నాయి, విండో మినిమైజ్ చేసి తెరిస్తే అవీ ఉండట్లేదు.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: తెర మీద నేరుగా గీసే క్రియేట్‌గ్రాఫిక్స్ ఫంక్షన్ వాడి ఉంటారు, అందరం ఒకసారి పడ్డ గుంతే అది. దాంతో గీసింది తెర మీదే ఉంటుంది, విండో మళ్లీ పెయింట్ అయితే పోతుంది. మౌస్‌మూవ్‌లో (మౌస్ కదిలినప్పుడల్లా నడిచే ఈవెంట్) వచ్చే పాయింట్లను లిస్టులో దాచి, మళ్లీ పెయింట్ చేయమని చెప్పే ఇన్‌వాలిడేట్ పిలిచి, ఫొటో చూపే పిక్చర్‌బాక్స్ పెయింట్ ఈవెంట్‌లో ఆ పాయింట్లను డ్రాలైన్స్ ఫంక్షన్‌తో గీతగా కలపండి, అప్పుడు మౌస్ ఎంత ఉరికినా గీత తెగదు. ఒక్కో గీతకు వేరే లిస్టు పెడితే అన్‌డూ కూడా సులువు. ఫొటోతో పాటు సేవ్ కావాలంటే అవే గీతలు బిట్‌మ్యాప్ (మెమరీలో ఉన్న ఫొటో) మీద గీయండి, కానీ పిక్చర్‌బాక్స్ సైజ్‌మోడ్ జూమ్‌లో (ఫొటోను బాక్సుకు సరిపడా మార్చి చూపే పద్ధతి) ఉంటే మౌస్ చెప్పే కొలత బాక్సుది, ఫొటోది కాదు. లెక్క మార్చకపోతే అంచు మీద గీసింది కొంగు మీద పడుతుంది!