గంధకం రబ్బరు గొలుసులను ఎలా కలుపుతుంది?

అనంతపురంలో లారీ టైర్లకు రీట్రెడింగ్ చేసేచోట, వేలికి జిగురుగా అంటుకునే పచ్చి రబ్బరు సుమారు 150 డిగ్రీల వేడిలో గట్టి ట్రెడ్‌గా (నేలను తాకే టైరు పైపొరగా) ఎలా మారుతుందన్నది ప్రశ్న.

ఎనిమిది పరమాణువుల వలయంగా ఉండే గంధకం ఒక్కటే అయితే చాలా నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆమ్లం, చర్యను వేగవంతం చేసే యాక్సిలరేటర్ కలుపుతారు. ఇవి గంధకంతో కలిసి చురుకైన సమ్మేళనంగా మారి, రబ్బరు గొలుసులో, అంటే పొడవాటి రబ్బరు అణువులో, ద్విబంధానికి (రెండు కార్బన్ల మధ్య ఉండే జంట బంధానికి) పక్కనున్న కార్బన్ మీది హైడ్రోజన్‌ను తొలగించి, అక్కడ గంధక పరమాణువుల వరసను తోకలా తగిలిస్తాయి. ఆ తోక పొరుగు గొలుసులోని కార్బన్‌తో కలిసినప్పుడే అడ్డుబంధం ఏర్పడుతుంది. ద్విబంధాలన్నీ ఖర్చయిపోతాయని చాలామంది అనుకుంటారు గానీ, అవి చాలావరకు అలాగే మిగులుతాయి (ఓజోన్ తగిలితే టైరు పగుళ్లివ్వడానికి కారణం అదే). మొదట్లో పొడవుగా ఉండే గంధక బంధాలు వేడి కొనసాగేకొద్దీ ఒకటి రెండు పరమాణువులకు కుదించుకుపోతాయి. పొట్టివి వేడికి బాగా నిలుస్తాయి, పొడవైనవి పదేపదే వంగే ఒత్తిడిని బాగా తట్టుకుంటాయి. వేడి మరీ ఎక్కువసేపు ఉంటే బంధాలు తెగి రబ్బరు మళ్లీ మెత్తబడుతుంది.