మేకు ఎలా వంగిందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉక్కు మేకులను చేతులతో వంచే సాధకుడిపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పొంగిన కండలు, ఉబ్బిన నరాలు, బిగిసిన దవడలు అన్నీ ఉన్నాయి కానీ, మేకు ఎలా వంగిందో మాత్రం ఎక్కడా లేదు. బలం లేనిదే మేకు వంగదన్న మాట నిజమే. అయినా భారీ బరువులు అవలీలగా ఎత్తేవాడు ఒక మేకు ముందు చేతులెత్తేయడం ఈ విద్యలో కొత్త సంగతేమీ కాదు. అలా ఎందుకు జరుగుతుందో చెప్పడమే నీ వ్యాసం పని.

ముందుగా మేకు కొలతలు రాయాలి. గుండ్రటి కడ్డీ వంగడానికి చూపే ప్రతిఘటన దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఒకే రకం ఉక్కులో 5 మిల్లీమీటర్ల మేకు కన్నా 6 మిల్లీమీటర్లది 70 శాతానికి పైగా మొండికేస్తుంది. పొడవు తగ్గినకొద్దీ చేతికి దొరికే మీట కురచబడి, పని ఇంకా కష్టమవుతుంది. వ్యాయామ సామగ్రి అమ్మే ఐరన్‌మైండ్ సంస్థ వారి రెడ్ నెయిల్ అనే మేకును ఈ క్రీడలో గీటురాయిగా చెప్పుకుంటారు; దాని పొడవు 7 అంగుళాలు, మందం అంగుళంలో 5/16 వంతు. కాంక్రీటులో దిగగొట్టే గట్టిపరచిన మేకులు వంగకుండా విరిగి ముక్కలు ఎగరవచ్చన్న హెచ్చరిక కూడా చేర్చు. చదివి ప్రయత్నించి చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

నీ వ్యాసంలో అసలే కనిపించనిది కీళ్ల కదలిక. రెండు అరచేతులూ కిందికి తిప్పి, మేకును గడ్డం కింద పట్టుకుని వంచే ఓవర్‌హ్యాండ్ పద్ధతిలో మోచేతులు పైకి లేచి పక్కలకు విచ్చుకోవాలి. అందుకు భుజం లోపలివైపు ధారాళంగా తిరగాలి. ఛాతీ, భుజాలు బిగుసుకుపోయినవాడికి మోచేతులు కిందికి జారతాయి; అప్పుడు వీపు, ఛాతీ, భుజాల నుంచి రావలసిన బలం మేకు దాకా చేరక, భారమంతా మణికట్టు మీద పడుతుంది. పెద్ద కండలున్నవాడు ఓడిపోయేది చాలాసార్లు ఇక్కడే. అరచేతులు పైకి ఉండే అండర్‌హ్యాండ్ పద్ధతికీ, ఒకటి పైకి ఒకటి కిందికి ఉండే రివర్స్ పద్ధతికీ మణికట్టు, ముంజేయి వేరే కోణాల్లో తిరగాలి కాబట్టి, ఎవరికి ఏది నప్పుతుందో తేల్చేది వాళ్ల కీళ్లే. మణికట్టు స్నాయువులు కండరాలంత త్వరగా బలపడవు. అందుకే అనుభవజ్ఞులు తోలు లేదా మందపాటి గుడ్డ చుట్టుకుని, సన్నని మేకులతో మొదలుపెట్టి, సాధనకూ సాధనకూ మధ్య విశ్రాంతి తీసుకుంటారు. ఇది భయం కాదు, పద్ధతిలో భాగం.

వంగే క్రమాన్ని కూడా ఒకే వాక్యంలో తేల్చేయకు. మొదటి వంపు తెప్పించడం ఒక ఘట్టం, దాన్ని లంబకోణం దాకా తేవడం మరొకటి, ఆ తర్వాత వేళ్లు పెనవేసి రెండు కొసలనూ దగ్గరకు నొక్కడం వేరొకటి. చివరి ఘట్టంలో మీట కురచబడుతుంది, వంగిన చోట ఉక్కు మరింత గట్టిపడుతుంది, చేతికి తెలిసేంత వేడెక్కుతుంది కూడా. ఆ వేడిని రాస్తే పాఠకుడికి తన చేతిలోనే మేకు ఉన్నట్టుంటుంది. నువ్వు వాడిన ‘భీకరంగా’ అన్న మాటకు ఆ శక్తి లేదు.

మైటీ ఆటమ్‌గా పేరుపొందిన పాతకాలపు బలప్రదర్శకుడు జోసెఫ్ గ్రీన్‌స్టీన్ మేకులను పళ్లతో కొరికి తెంచేవాడు. అతని ఎత్తు సుమారు 5 అడుగుల 4 అంగుళాలే. నీ వ్యాసంలోని ‘మహాకాయుడు’ అన్న విశేషణాన్ని ఆయన ఒక్కడే కొట్టిపారేయగలడు.

ఇప్పుడు ఆ సాధకుణ్ని మళ్లీ కలిసి, వంచే క్షణంలో మోచేతులు ఏ ఎత్తులో ఉంటాయో, భుజాలను సడలించుకోవడానికి ముందుగా ఏం చేస్తాడో, ఏ మేకు దగ్గర ఎక్కువకాలం ఆగిపోయాడో అడుగు. నీ వ్యాసంలోని రెండో పేరా పూర్తిగా తీసేసి, ఆ జవాబులతో తిరగరాసి పంపు.