టెక్ సందేహాలు: కల్లు, కళ్లు, కీబోర్డు

మళ్లీ అదే ప్రశ్న వచ్చింది: తెలుగు టైపింగ్‌కు ఏ ఫోన్ మంచిది?

ఈసారి అడిగింది హన్మకొండ నుంచి ఒక తెలుగు మేడమ్. ఇంట్లో ఉన్న చిన్న పాత ఫోన్‌ను, కొత్తగా కొన్న పెద్ద ఫోన్‌ను పక్కపక్కన పెట్టి చూశారట. తెలుగు మీటలు రెండింట్లోనూ ఇరుకే. విసుగొచ్చి, వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన పూల డిజైన్ల తెలుగు కీబోర్డు వేసుకున్నారు. అప్పటి నుంచి ఫోన్ తెరిస్తే చాలు, యాడ్స్ వస్తున్నాయి. కాబట్టి ఇంకో మంచి ఫోన్ చెప్పమంటున్నారు.

మేడమ్, ఫోన్ సంగతి తర్వాత. ముందు ఆ కీబోర్డు తీసేయండి. మిగతాది తీసేశాక చదవండి.

కీబోర్డు కూడా ఒక యాపే. మీరు నొక్కే ప్రతి అక్షరం ముందు దాని చేతిలో పడుతుంది, ఆ తర్వాతే వాట్సాప్‌కో బ్యాంకుకో వెళ్తుంది. కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు ఆండ్రాయిడ్ ఈ మాట చెబుతుంది కూడా: పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లతో సహా మీరు టైప్ చేసేదంతా ఇది సేకరించగలదు అని. అది చదివేలోపే మన వేలు ఓకే మీద పడుతుంది. తప్పు మనదొక్కరిదే కాదు. మంచి కీబోర్డుకూ అదే హెచ్చరిక, మాయదారి దానికీ అదే. చుట్టం వచ్చినా దొంగ వచ్చినా ఒకేలా మొరిగే కుక్కను ఎవరు పట్టించుకుంటారు? ఐఫోన్‌లో కొంత నయం, పాస్‌వర్డ్ పెట్టే చోట బయటి కీబోర్డును పక్కన పెట్టి సొంతది తెస్తుంది.

దొంగ యాప్‌లతోనే ప్రమాదం అనుకోకండి. 2017 డిసెంబర్‌లో, బాగా పేరున్న ఒక కీబోర్డు యాప్ వాడేవారిలో 3.1 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు, డేటాబేస్‌కు పాస్‌వర్డే పెట్టలేదు! 2024 ఏప్రిల్‌లో కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు తొమ్మిది కంపెనీల చైనీస్ కీబోర్డులను పరీక్షించారు. ఎనిమిదింటిలో, టైప్ చేసిన అక్షరాలు సర్వర్‌కు వెళ్లే దారిలోనే ఇతరులు చదవగలిగే లోపాలు దొరికాయి. పదాలు బాగా సూచించాలని అక్షరాలను సర్వర్‌కు పంపడం వల్ల వచ్చిన తంటా ఇది.

యూపీఐ పిన్ గురించి మాత్రం కంగారు వద్దు. పిన్ అడిగే పేజీలో కనిపించే అంకెల పలక మీ కీబోర్డు కాదు, వేరే. కానీ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, కార్డు నంబరు, చేత్తో కొట్టే ఓటీపీ కీబోర్డు గుండానే పోతాయి. ఎక్కడైనా కాపీ చేసిన ఆధార్ నంబరు కూడా దానికి కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి మిగతా యాప్‌లు చాటుగా క్లిప్‌బోర్డు చదవకుండా ఆపారు గానీ, వాడుకలో ఉన్న కీబోర్డుకు మాత్రం ఆ అడ్డు లేదు.

మీకు వచ్చింది ప్లే స్టోర్ లింకా, ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలా అన్నది రాయలేదు. ఏపీకే అయితే సంగతి ఇంకా చెడ్డది. పెండ్లి పత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వస్తున్న ఫైళ్లు ఈ జాతివే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (ఒక యాప్ మీ స్క్రీన్‌ను చూసి, మీ బదులు నొక్కే వీలిచ్చే చోటు) తెరిచి, ఆ యాప్‌కు అనుమతి ఇచ్చి ఉంటే తీసేయండి. పాస్‌వర్డ్‌లు మార్చండి, అదీ ఇంకో ఫోన్ నుంచి. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. పెద్ద ఫోన్ కొన్నా మీటలు ఎందుకు పెరగలేదు? అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకు. పాత 5.5 అంగుళాల ఫోన్ స్క్రీన్ వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లు. ఇప్పుడు వస్తున్న పొడుగాటి 6.7 అంగుళాల ఫోన్‌లో అది దాదాపు 70. పెరిగిందంతా పొడవే! వరుసకు పది మీటలు పెడితే ఒక్కోదానికి వచ్చేది ఏడు మిల్లీమీటర్లు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అంగుళాలు చూసి ఫోన్ కొనేవాళ్లు సినిమా కోసం కొంటున్నట్టు, టైపింగ్ కోసం కాదు. కీబోర్డు సెట్టింగ్స్‌లో ఎత్తు పెంచుకునే వీలుంటుంది, అది వాడండి.

చాలామంది ఇరుకు పడలేక ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చే పద్ధతి పట్టుకున్నారు. వేగంగానే పోతుంది. కానీ ల, ళ రెండింటికీ చాలాసార్లు అదే మీట. మొన్న ఒకాయన నాకు పంపిన మెసేజ్: "కల్లు బాగాలేదు, డాక్టర్‌కు చూపిస్తున్నా." ఆయన ఉద్దేశం కళ్లు. మన దగ్గర కల్లు అన్నా నమ్మేస్తాం, అదీ ఇబ్బంది. పిల్లలకు తెలుగు చెప్పేవారు నేరుగా తెలుగు అక్షరాల లేఅవుట్‌కు అలవాటు పడటమే మంచిది. కొన్నాళ్లు చిరాకు పడాల్సి వస్తుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పనిచేసే ఒక తమ్ముడి సందేహం: మిర్చి సీజన్లో టచ్ పనిచేయదు, ఒక్కోసారి అక్షరం రెండుసార్లు పడుతుంది. స్క్రీన్ మీది సన్నని విద్యుత్ క్షేత్రంలో వేలు తెచ్చే మార్పును పట్టే టచ్ ఇది. ఎండి దుమ్ము పట్టిన వేలు సరిగా అందదు, చెమట చుక్క వేలులా అందుతుంది. వేలు, స్క్రీన్ రెండూ తుడవండి. దళసరి టెంపర్డ్ గ్లాస్ ఉంటే సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ పెంచి చూడండి. అంతకుమించి ఏం లేదు.

జనగామ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: "అమ్మమ్మకు టైపింగ్ రాదని మాట్లాడితే రాసే కీబోర్డు పెట్టిచ్చాను. ఆమె ఒకటంటే అది ఇంకోటి రాస్తోంది. మైక్ పాడైందా?"

మైక్ బాగానే ఉందమ్మా. అది నేర్చుకున్న తెలుగు వేరు. "పొద్దుగాల ఏడికి పోయినవ్ బిడ్డా" అంటే తడబడుతుంది. నేను "వచ్చిండు" అని కొడితే "వచ్చాడు" చేయనా అని అడుగుతుంది, "మడిగె" (దుకాణం) కింద ఎర్రగీత పెడుతుంది. కంపెనీలవాళ్లు ఏటా అప్‌డేట్ల పేరుతో కొత్త బొమ్మలు, కొత్త రంగులు దింపుతారు, స్పేస్ బార్ పక్కన ఉన్న మీటను ఇంకో చోటికి జరుపుతారు. ఇంతమంది మాట్లాడే మాట మాత్రం వాళ్లకు ఇంకా అక్షర దోషమే. మన అక్షరాలను ఎంత శ్రద్ధగా పరీక్షిస్తారంటే, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరితే చాలు, వేలకు వేలు పోసి కొన్న ఐఫోన్లలో మెసేజ్‌ల యాప్ కుప్పకూలింది. ప్రపంచమంతా గోల అయ్యాక కొద్ది రోజుల్లోనే సరిచేశారు. గోల చేయనివి ఎన్నున్నాయో!

నీకు పనికొచ్చే మాట: ఆటో కరెక్షన్ ఆపేసి, ఇంటి మాటలను పర్సనల్ డిక్షనరీలో చేర్చుకో. అమ్మమ్మకు మాత్రం కీబోర్డు ఎందుకు? వాట్సాప్‌లో మైక్ గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడటం నేర్పించు. నొక్కి వేలు పైకి జరిపితే అది లాక్ అవుతుంది, ఊరి ముచ్చట అయిపోయేదాకా వేలు పట్టుకుని కూర్చోనక్కర్లేదు.