ఆ మంత్రపు కత్తి సినిమా మీద నీ రివ్యూ చదివాను

తమ్ముడూ,

నీ రివ్యూ అందింది. "గాల్లో ఎగిరేవి కత్తులు కావు, సేమియా" అన్నచోట గట్టిగా నవ్వాను. కానీ మొత్తం చదివాక సినిమా ఏంటో మాత్రం నాకు తెలీలేదు, నీకు గ్రాఫిక్స్ నచ్చలేదని తెలిసిందంతే. బడ్జెట్ లేదని చెప్పడానికి నువ్వెందుకు, పోస్టర్ చాలదూ?

నువ్వు చూసింది చైనాలో థియేటర్‌కి పోకుండా నేరుగా నెట్‌లో వదిలే బాపతు. ఐచీయీ లాంటి అక్కడి వీడియో సైట్లలో చాలాకాలం మొదటి ఆరు నిమిషాలు ఫ్రీ, ఆ తర్వాత కూడా జనం కదలకుండా చూస్తేనే తీసినవాడికి డబ్బులు. ఇప్పుడు "కథ మొదలవకుండానే ఇంత పెద్ద ఫైటా, తెలివిలేనితనం" అన్న నీ లైను మళ్ళీ చదువుకో. తెలివి లేక కాదయ్యా, పొట్ట గడవక. అది తెలిసి తిట్టుంటే ఇంకా పదునుగా తిట్టేవాడివి.

ఇంకోటి, ఎగిరే కత్తులు ఈ కుర్రాళ్ళు కనిపెట్టినవి కావు. 1928లో షాంఘైలో 'ఎర్ర తామర గుడి దహనం' అని ఓ మూకీ వచ్చింది. అందులో కత్తులు గాల్లో పోట్లాడుకోవడానికి బొమ్మలు గీసి కలిపారు, తర్వాతి భాగాల్లో హీరోయిన్ హూ దియేని తీగలు కట్టి ఎగరేశారు. జనం ఎగబడ్డారు, 1931కల్లా 18 భాగాలయ్యాయి, చివరికి సర్కారే నిషేధించింది.

నేనూ నీ వయసులో ఓ జానపద సినిమాలో తాడు కనిపించిందని అరపేజీ వెక్కిరించాను. హాల్లో నా పక్క సీటు ముసలాయన ఆ తాడు చూస్తూనే కళ్ళు తుడుచుకున్నాడని మాత్రం రాయలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నిన్ను అసలు అడగాలనుకున్నది వేరే. ఆ కత్తికి మంత్రం ఎక్కణ్ణించి వచ్చింది? చైనా పాత కథల్లో గాన్‌జియాంగ్, మోయే అని కమ్మరి మొగుడూ పెళ్ళాలున్నారు. రాజుగారికి కత్తి చెయ్యాలి, కొలిమిలో లోహం కరగదు. ఇద్దరూ జుట్టూ గోళ్ళూ కత్తిరించి అందులో వేస్తారు, ఇంకో కథనంలో ఆవిడే దూకేస్తుంది. అప్పుడు పుడతాయి రెండు కత్తులు, ఒకటి మగ, ఒకటి ఆడ. రాజు తనని ఎలాగూ చంపుతాడని ఆయనకి తెలుసు, అందుకే ఆడ కత్తి ఒక్కటే పట్టుకెళ్ళి, మగ కత్తిని పుట్టబోయే కొడుక్కోసం దాచిపెడతాడు. వందల ఏళ్ళుగా ఆ కథ చెప్పుకుంటున్నారంటే కత్తి మెరిసిందని కాదు కదా.

నీ సినిమాలో ఆ పిల్ల కత్తి పట్టుకోగానే ఏం పోగొట్టుకుంది? నువ్వు రాయలేదు. సినిమాలోనే లేదంటే అప్పుడు ఉతికెయ్, నేనూ తోడొస్తా, ఎందుకంటే అది డబ్బుల్లేక జరిగిన తప్పు కాదు, రెండు డైలాగులతో అయిపోయే పని.

మళ్ళీ ఓసారి చూసి ఆదివారంలోపు పంపు. 'చైనా విఠలాచార్య' అన్న హెడ్డింగ్ మాత్రం తీసెయ్యకు, బాగుంది.