కాటరీ కాల్చకూడని చోట కాల్చకుండా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆపరేషన్‌లో హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో కోస్తూ, కోసినచోట రక్తం ఆపే యంత్రమే కాటరీ. కరెంటు సర్జన్ చేతిలోని పెన్సిల్ లాంటి పరికరం కొన నుంచి ఒంట్లోకి వెళ్లి, ఒంటికి ఆనించిన ప్లేటు గుండా మెషీన్‌కు తిరిగి వస్తుంది. దాని వాడకం మీద, దాన్ని భద్రంగా మార్చిన ఆవిష్కరణల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఇక్కడ తీసుకున్నాం.

మా థియేటర్‌లో రెండు కాటరీ మెషీన్లున్నాయి. పాతదానికి స్టీలు ప్లేటు, కొత్తదానికి రెండు ముక్కలుగా ఉండే అతికించే ప్లేటు. పాతదాని మీద చేసిన ఒక కేసులో పేషెంటుకు పిరుదు దగ్గర కాలింది. మెషీన్ ఒక్క అలారం కూడా ఇవ్వలేదు. ఎందుకు?
*థియేటర్ టెక్నీషియన్, కరీంనగర్*

మీ పాత మెషీన్ చూసుకునేది ఒక్కటే, ప్లేటు దాకా వైరు తెగకుండా ఉందా లేదా అని. ఆ ప్లేటు పేషెంటు ఒంటికి పూర్తిగా ఆనిందో, జారి సగం గాల్లో ఉందో దానికి తెలిసే దారి లేదు. ప్లేటు బల్ల మీద ఊరికే పడి ఉన్నా, వైరు బాగుంటే చాలు, అలారం మోగదు.

కాలడం వెనక లెక్క ఇది. పెన్సిల్ కొన దగ్గర కరెంటంతా ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్ల చోటులోంచి పోతుంది కాబట్టి కండ కోసుకుపోతుంది. తిరిగి వెళ్లేటప్పుడు అదే కరెంటు 100 చదరపు సెంటీమీటర్లకు పైగా ఉన్న ప్లేటు మీద పరుచుకుంటుంది, అందుకే అక్కడ చర్మానికి ఏమీ కాదు. పుట్టే వేడి కరెంటు సాంద్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ప్లేటు ఆనిన చోటు సగానికి తగ్గితే అక్కడ వేడి 4 రెట్లవుతుంది. పావు వంతుకు తగ్గితే 16 రెట్లు. స్టీలు ప్లేటు మీద పూసిన జెల్లీ ఆరిపోయినా, బల్ల తలవైపు వంచినప్పుడు పేషెంటు జారినా, ఎముక పొడుచుకొచ్చిన చోట మాత్రమే ప్లేటు తగిలినా ఇదే జరుగుతుంది.

1926 అక్టోబర్ 1న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్, విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో ఒక రోగి తల మీది కణితిని తీశారు. కొద్ది రోజుల ముందు అదే కణితిని తీయబోయి, రక్తం ఆగక మధ్యలో వదిలేయాల్సి వచ్చింది. ఆ విజయంతో కాటరీ థియేటర్లలోకి వచ్చింది. అయితే ఆ తర్వాత దశాబ్దాలపాటు మెషీన్లు ఎర్త్‌కు కలిపినవే. ప్లేటు దారి బాగోకపోతే కరెంటు ఎర్త్ దొరికిన ఏ దారినైనా పట్టుకునేది. ఈసీజీ ఎలక్ట్రోడ్ కింద, కాళ్లు ఎత్తి పెట్టే ఇనుప స్టిరప్‌కు కాలు తగిలినచోట చిన్న లోతైన కాలిన మచ్చలు కనిపించేవి అందుకే. 1960ల చివర ఐసొలేటెడ్ జనరేటర్లు వచ్చాయి. వాటిలో కరెంటు ఎర్త్‌కు పోదు, తన ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగి రావాలి. దాంతో పక్కదారులు చాలావరకు మూతపడ్డాయి కానీ ప్లేటు కిందే కాలడం మిగిలిపోయింది.

దానికి జవాబు 1980ల మొదట్లో వచ్చింది. అదే మీ కొత్త మెషీన్‌లోని రెండు ముక్కల ప్లేటు. ఒక ముక్క నుంచి చర్మం గుండా రెండో ముక్కకు మెషీన్ చాలా చిన్న కరెంటు పంపి, మధ్యలో ఎంత రెసిస్టెన్స్ ఉందో నిరంతరం కొలుస్తుంది. బాగా ప్రచారంలో ఉన్న ఒక పద్ధతిలో అది 5 నుంచి 135 ఓమ్‌ల మధ్య ఉండాలి. ప్లేటు అంచు లేచినా, జెల్ ఆరినా రెసిస్టెన్స్ పెరుగుతుంది. హద్దు దాటగానే అలారం మోగుతుంది, పెన్సిల్‌కు కరెంటు ఆగిపోతుంది. చర్మం కాలకముందే ఆగుతుంది. ఈ యంత్రం చరిత్రలో పేషెంటుకు ఇంతకన్నా మేలు చేసిన మార్పు మరొకటి లేదని మా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. కొత్త మెషీన్‌కు ఒకే రేకున్న ప్లేటు తగిలిస్తే అది మళ్లీ పాత మెషీనే. చాలా మెషీన్లు దాన్ని ఒప్పుకుని, ముందు ప్యానెల్ మీద ఒకే ముక్క గుర్తు వెలిగించి ఊరుకుంటాయి. ధర తక్కువని స్టోర్ నుంచి ఆ ప్లేట్లు వస్తే వెనక్కి పంపండి.

ఇంకో మాట. పిరుదు కింద మచ్చ వచ్చినంత మాత్రాన ప్లేటుదే తప్పని తేల్చకండి. నడుము కిందికి కారి నిలిచిన బెటాడిన్ గంటల తరబడి ఒత్తిడిలో ఉంటే చర్మాన్ని రసాయనంగా కాలుస్తుంది. మచ్చ ఆకారం ప్లేటు అంచుతో సరిపోతుందా, ప్లేటు ఉన్న చోటే ఉందా అన్నది ముందు చూడాలి.

కేసు మధ్యలో ప్లేటు అలారం వస్తోంది. కొన్నిసార్లు అలారం లేకుండానే కాటరీ సరిగా పనిచేయడం లేదంటూ సర్జన్ పవర్ పెంచమంటారు. ఏం చేయాలి?
*స్టాఫ్ నర్సు, రాజమండ్రి*

పవర్ పెంచడం చివరి పని. మామూలు సెట్టింగ్‌లో పనిచేయాల్సిన కాటరీ చేయడం లేదంటే కరెంటు దారిలో ఎక్కడో అడ్డు ఉందని అర్థం. ముందు ప్లేటు అంచులన్నీ చేత్తో నొక్కి చూడండి. తర్వాత ప్లేటు వైరు క్లిప్పు, మెషీన్ దగ్గరి సాకెట్, పెన్సిల్ కొనకు అంటిన మాడు. మాడును గీకుడు ప్యాడ్‌తో తీస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. ఇవన్నీ బాగుంటే కొత్త ప్లేటు వేయండి. లేచిన ప్లేటును పీకి మళ్లీ అతికించొద్దు. జెల్ మీద చర్మపు పొట్టు, వెంట్రుకలు అంటుకుని రెండోసారి సరిగా ఆనదు.

అసలు మొదట వేసేటప్పుడే ఆపరేషన్ చోటుకు దగ్గరగా, కండ ఎక్కువున్న చోట, తొడ లాంటిచోట వేయాలి. వెంట్రుకలుంటే క్లిప్పర్‌తో తీసి చర్మం పొడిగా తుడవాలి. పాత మచ్చలు, ఎముక గడ్డలు, లోపల స్టీలు రాడ్డున్న చోటు వద్దు. కరెంటు ఆపరేషన్ వైపున్న అంచు దగ్గరే గుమికూడుతుంది కాబట్టి ప్లేటు పొడవు అంచు అటువైపు ఉండాలి. చిన్నపిల్లలకు పెద్దల ప్లేటును కత్తిరించి వేయడం ప్రమాదం, వాళ్ల సైజు వేరేగా దొరుకుతుంది.

ల్యాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీసిన పేషెంటుకు నాలుగో రోజు పేగుకు రంధ్రం పడిందని తేలింది. వీడియో మొత్తం చూశాం, పేగును ఎక్కడా తాకలేదు. ఎలా సాధ్యం?
*సర్జరీ పీజీ విద్యార్థి, గుంటూరు*

వీడియోలో కనపడేది పరికరం చివరి కొన్ని సెంటీమీటర్లే. దాని కాడ, అంటే షాఫ్ట్, పొడవు 30 సెంటీమీటర్ల పైన ఉంటుంది. మిగతా భాగం కెమెరా వెనక పేగుల పక్కనే కదులుతూ ఉంటుంది. అక్కడ కరెంటు మూడు రకాలుగా దారి తప్పుతుంది.

మొదటిది ఇన్సులేషన్ లోపం. ట్రోకార్‌లో (పరికరాన్ని పొట్టలోకి దింపే గొట్టంలో) అటూ ఇటూ రాసుకుని, పదేపదే ఆటోక్లేవ్ ఆవిరిలో శుద్ధి చేసి, షాఫ్ట్ మీది పూతకు సూదిమొనంత రంధ్రం పడుతుంది. పెద్ద పగులు కంటికి కనిపిస్తుంది, పరికరాన్ని పక్కన పెట్టేస్తాం. కనపడని చిన్న రంధ్రమే ప్రమాదం, ఎందుకంటే కరెంటంతా ఆ చుక్కలోంచే దూకుతుంది. రెండోది కెపాసిటివ్ కప్లింగ్. పూత చెక్కుచెదరకున్నా లోపలి లోహం, మధ్యలో పూత, బయట ట్రోకార్ ఇనుప గొట్టం (క్యాన్యులా) కలిసి కెపాసిటర్ అవుతాయి, తాకకుండానే కరెంటు బయటి గొట్టానికి చేరుతుంది. పూర్తిగా లోహపు క్యాన్యులా అయితే ఆ కరెంటు పొట్ట గోడలోకి విస్తరించి పోతుంది. ఇనుప గొట్టానికి, దాన్ని పొట్ట గోడలో పట్టి ఉంచే ప్లాస్టిక్ మర బిగిస్తే ఆ దారి మూసుకుని, కరెంటు పేగు తగిలిన చోట దిగుతుంది. అందుకే క్యాన్యులా పూర్తిగా లోహమో, పూర్తిగా ప్లాస్టిక్కో ఉండాలి. రెండూ కలపకూడదు. మూడోది, హుక్ (పరికరం చివరి కొక్కెం లాంటి కొన) పొరపాటున వేరే లోహానికి తగలడం. గాల్‌బ్లాడర్ నాళం (సిస్టిక్ డక్ట్) మీది క్లిప్పుకు తగిలితే ఆ కాలిన చోటు కొన్ని రోజులకు కుళ్లి పిత్తం కారుతుంది.

కాలిన పేగు ఆ క్షణంలో తెల్లబడి ఊరుకుంటుంది. కణజాలం చచ్చి ఊడేదాకా రంధ్రం పడదు. నాలుగో రోజున బయటపడటం అందుకే.

దీనికి వచ్చిన పరిష్కారం చాలా తెలివైనది. షాఫ్ట్ ఇన్సులేషన్ మీద మరో లోహపు పొర, దాని మీద ఇంకో ఇన్సులేషన్ పొర వేశారు. లోపలి పూతకు రంధ్రం పడినా, కెపాసిటివ్ కరెంటు పుట్టినా ఆ లోహపు పొర పట్టుకుని మెషీన్‌కు తిప్పి పంపుతుంది. అది హద్దు మించితే మానిటర్ కరెంటు ఆపేస్తుంది. ప్లేటు విషయంలో జరిగినట్టే, కంటికి కనపడని తప్పును పట్టుకునే పని ఇక్కడా పరికరమే తీసుకుంది. ఇది యాక్టివ్ ఎలక్ట్రోడ్ మానిటరింగ్ పేరుతో 1990ల నుంచి ఉంది.

అది లేని థియేటర్లలో చేయగలిగింది కూడా తక్కువేమీ కాదు. కొన కండకు ఆనాకే పెడల్ తొక్కాలి. గాల్లో ఉండగా తొక్కితే వోల్టేజ్ గరిష్ఠానికి వెళ్తుంది. రెండు మూడు సెకన్లు తొక్కి వదలాలి. రక్తం ఆపే కోయాగ్ మోడ్‌లో వోల్టేజ్ కోసే కట్ మోడ్ కన్నా చాలా ఎక్కువ కాబట్టి, వీలైనచోట హుక్ చదునైన వైపు ఆనించి కట్ మోడ్‌తోనే రక్తం ఆపండి. పరికరాలను ప్రతి వాడకానికి ముందు ఇన్సులేషన్ టెస్టర్‌తో చూడండి. కాటరీ వైరును ఇనుప టవల్ క్లిప్పుకు చుట్టి డ్రేప్‌కు (పేషెంటు మీద కప్పే గుడ్డకు) బిగించే అలవాటు మానేయాలి, అక్కడా కెపాసిటర్ తయారవుతుంది. ప్లాస్టిక్ క్లిప్పు వాడండి.

మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. హెర్నియా ఆపరేషన్‌లో కాటరీ వాడొచ్చా?
*గృహిణి, నిజామాబాద్*

వాడొచ్చమ్మా, కానీ ముందుగా చెప్పాలి. పేస్‌మేకర్ కార్డు మత్తు డాక్టరుగారికి చూపించండి. వీలైతే బైపోలార్ వాడతారు. అందులో కరెంటు ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) రెండు కొనల మధ్యే తిరుగుతుంది, ఒళ్లంతా పోదు. మామూలు కాటరీ తప్పకపోతే, కరెంటు దారి గుండెవైపు పోకుండా ప్లేటును తొడకో పిరుదుకో వేస్తారు. ఆపరేషన్ అయ్యాక పేస్‌మేకర్‌ను ఒకసారి పరీక్ష చేయించమని అడగండి.

స్పిరిట్ కలిసిన మందుతో చర్మం తుడిచాక కాటరీ ఎప్పుడు మొదలుపెట్టాలి?
*థియేటర్ అసిస్టెంట్, అనంతపురం*

వెంట్రుకలు లేని చర్మం మీద కనీసం 3 నిమిషాలు, అదీ పూర్తిగా ఆరిందని చూశాకే. వెంట్రుకల్లో ఆరడానికి గంట పట్టొచ్చు. బొడ్డులో, నడుము కింద గుడ్డలో నిలిచిన మందును తుడిచి, తడిసిన గుడ్డ తీసేశాకే డ్రేప్ కప్పండి. డ్రేప్ కింద చేరిన ఆవిరి కాటరీ నిప్పురవ్వకే అంటుకుంటుంది. ముఖం, మెడ కేసుల్లో ఆక్సిజన్ 30 శాతం లోపు ఉంచగలరేమో మత్తు డాక్టరును అడగండి.

మేం బయోమెడికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది. పాత కాటరీ మెషీన్లకు బయట తగిలించే ప్లేటు మానిటర్ తయారుచేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
*విద్యార్థుల బృందం, హైదరాబాద్*

మంచి సమస్య ఎంచుకున్నారు. ముందు పరిధి తగ్గించుకోండి, ఐసొలేటెడ్ మెషీన్లకు మాత్రమే చేయండి. ఎర్త్ అయిన పాత మెషీన్ల పక్కదారులను మీ పెట్టె మూయలేదు.

కొలిచే సర్క్యూట్‌కు 80 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, కొద్ది మైక్రో ఆంపియర్ల కరెంటు తీసుకోండి. కాటరీ పనిచేసేది 400, 500 కిలోహెర్ట్జ్ దగ్గర కాబట్టి ఫిల్టర్‌తో వేరుచేయొచ్చు. ప్లేటు రెండు ముక్కలను మధ్యలో ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు కొనలకు కలిపి, ట్యాప్‌ను మెషీన్ రిటర్న్‌కు ఇవ్వండి. కాటరీ కరెంటు రెండు సగాల్లో సమంగా పోయి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, మీ కొలత మిగులుతుంది. 5 ఓమ్‌ల కన్నా తక్కువ వచ్చినా అలారం ఇవ్వాలి. అంటే రెండు ముక్కలూ ఎక్కడో కలిసిపోయాయి, మానిటర్‌కు కళ్లు పోయాయి.

అలారం వచ్చినప్పుడు దేన్ని ఆపాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ప్లేటు వైరును రిలేతో తెంచాలన్న ఆలోచన ముందొస్తుంది. పొరపాటున ఎర్త్ మెషీన్‌కు తగిలిస్తే అప్పుడు కరెంటు ఈసీజీ ఎలక్ట్రోడ్‌ల దారి పడుతుంది, మీరే కాల్చినవాళ్లవుతారు. ఆపాల్సింది ఆదేశాన్ని. ఫుట్ స్విచ్ లైనుతో పాటు, చేతి బటన్ ఉన్న పెన్సిల్ లైనునూ తెంచాలి. పెట్టెకు కరెంటు పోతే రిలే తెరుచుకునే ఉండేలా పెట్టండి. పెడల్ తొక్కగానే కాటరీ పుట్టించే విద్యుత్ రొదకు మైక్రోకంట్రోలర్ రీసెట్ అవడం తొలి నమూనాల్లో తప్పక వచ్చే జబ్బు. లోహపు పెట్టె, వైర్లకు రొద ఆపే ఫెర్రైట్‌లు, కంట్రోలర్ ఆగితే పట్టుకునే వాచ్‌డాగ్ మొదటిరోజు నుంచే ఉండాలి.

పరీక్షకు 3, 5, 50, 100, 135, 200 ఓమ్‌ల రెసిస్టర్లు, తెరిచిన సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్, ఒక్కోదాన్ని కాటరీ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ చూడండి. తర్వాత తోలు తీయని పంది మాంసం మీద ప్లేటును కొద్దికొద్దిగా లేపుతూ ఎప్పుడు ఆగుతుందో, అప్పుడు చర్మం ఎంత వేడెక్కిందో రాసుకోండి. కాటరీ మెషీన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-2 ప్లేటుకు పెట్టిన గీటురాయి 700 మిల్లీ ఆంపియర్లు 60 సెకన్లు పంపినా 6 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ వేడెక్కకూడదని. మీ మానిటర్ ఆ హద్దు దాటకముందే ఆపాలి.

కాగితాల పని ఆలస్యం చేయకండి. రిస్కులను, వైద్య పరికరాల రిస్క్ ప్రమాణం ఐఎస్ఓ 14971 ప్రకారం మొదటి నెల నుంచే నమోదు చేయండి. వైద్య పరికరాల నియమాలు, 2017 ప్రకారం శరీరానికి ప్రమాదకర శక్తినిచ్చే ఇలాంటి మెషీన్ సి క్లాసు. పరీక్ష కోసం తయారుచేయడానికి ఎండీ-12 దరఖాస్తు, మనుషుల మీద పరిశీలనకు ఎండీ-22 దరఖాస్తు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు పెట్టాలి. ఎథిక్స్ కమిటీ అనుమతీ కావాలి. విద్యుత్ భద్రత, రేడియో జోక్యం పరీక్షలకు విశాఖపట్నంలోని వైద్య పరికరాల పార్కు ఏఎంటీజెడ్‌లో ల్యాబ్‌లున్నాయి. డబ్బుకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు ఉంది, 50 లక్షల దాకా ఇస్తుంది. దరఖాస్తుకు ముందు రెండు మూడు థియేటర్లలో అనుమతితో నిలబడి, ప్లేట్లు ఎలా వేస్తున్నారో, ఎక్కడ జారుతున్నాయో, అలారం మోగితే ఎవరు చూస్తున్నారో రాసుకోండి. అలారం గొంతు ఎంత ఉండాలో, దీపం ఏ ఎత్తున ఉండాలో అక్కడే తేలుతుంది.