ఎనిమిదిన్నర అడుగుల దూరానికి ఎంత టీవీ చాలు?

ప్రశ్న: నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. మావారికి, నాకు కలిపి నెలకు చేతికొచ్చేది రూ.74 వేలు. ఖర్చులన్నీ పోను పన్నెండు వేల దాకా మిగులుతుంది. అత్యవసర నిధిగా బ్యాంకులో రూ.1.10 లక్షలు ఉంచాం. మా పాత 32 అంగుళాల టీవీ తెర మీద గీతలు పడుతున్నాయి. దసరాకు కొత్తది కొందామనుకుంటున్నాం. షోరూమ్‌లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ రూ.21 వేలు, అదే సైజులో 4కె రూ.27 వేలు, 55 అంగుళాల 4కె రూ.48 వేలు చెప్పారు. 55 అంగుళాలది పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామని, నెలకు నాలుగు వేలే కదా అని మావారు అంటున్నారు. హాలు వెడల్పు 11 అడుగులు. అత్తగారు సీరియళ్లు, మావారు క్రికెట్, పిల్లలు నెట్‌ఫ్లిక్స్ చూస్తారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: హాలు వెడల్పు రాసి మంచి పని చేశారు, టీవీ గురించి అడిగేవాళ్లలో చాలామంది ధరలు రాస్తారు తప్ప ఈ కొలత రాయరు. అయితే 11 అడుగులన్నది గోడ నుంచి గోడకు. సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చున్నవారి కళ్లు గోడకు రెండడుగులు ముందుంటాయి, స్టాండు మీద పెట్టిన టీవీ తెర ఇంకో అరడుగు ముందుకు వస్తుంది. అంటే కంటికీ తెరకూ మధ్య మిగిలేది ఎనిమిదిన్నర అడుగులు. టేపు పెట్టి ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే మిగతా లెక్కంతా దీని మీదే ఆధారపడి ఉంది.

6/6 చూపు, అంటే లోపం లేని మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. అంతకంటే దగ్గరగా ఉన్న చుక్కలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, అందులో అడ్డంగా 1,920 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు ఉంటాయి కాబట్టి ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటుంది. ఈ లెక్కన దాదాపు ఐదున్నర అడుగులు దాటాక ఆ పిక్సెళ్లు కంటికి విడిగా ఆనవు. 4కెలో ఉన్నట్టు అదే తెరలో అడ్డంగా 3,840 పిక్సెళ్లు పట్టించినా ఎనిమిదిన్నర అడుగుల నుంచి చూసేవారికి తేడా తెలియదు. పిల్లల చూపు ఇంకాస్త పదునుగా ఉంటుందనుకుని ఆ ఐదున్నరకు ఇంకో అడుగు కలుపుకున్నా ఫలితం మారదు. కాబట్టి 43 అంగుళాలలోనే తీసుకునేటట్లయితే 4కె కోసం అదనంగా ఇచ్చే ఆరు వేలు మీ ఇంట్లో ఎవరికీ కనిపించని పిక్సెళ్ల కోసం ఇచ్చినట్టే. ఆ టీవీకి కంప్యూటరు తగిలించి మూడడుగుల దూరంలో కూర్చుని పని చేసేవారు ఉంటే మాత్రం నా మాట వేరుగా ఉండేది.

55 అంగుళాల సంగతి కొంచెం వేరు. ఆ సైజులో ఫుల్ హెచ్‌డీ ఉన్నా ఏడడుగులు దాటితే చాలు, పిక్సెళ్లు కనిపించవు; కానీ ఇప్పుడు ఆ సైజులో దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ 4కె టీవీలే. కాబట్టి అక్కడ మీరు తేల్చుకోవలసింది 4కె కావాలా వద్దా అని కాదు, అంత పెద్ద తెర కావాలా వద్దా అని. పెద్ద తెరతో ఒక నిజమైన లాభం ఉంది: స్కోరు బోర్డూ, వార్తల స్క్రోలింగూ, సబ్‌టైటిళ్లూ పెద్దవిగా కనిపిస్తాయి. వయసు మీద పడినవారికి కావలసింది అదే, పిక్సెళ్ల సంఖ్య కాదు. అందుకే పాత వార్తాపత్రికలు అతికించి 95 × 53 సెంటీమీటర్ల కాగితం ఒకటి, 122 × 68 సెంటీమీటర్లది ఇంకొకటి తయారుచేసి, టీవీ పెట్టే గోడకు టేపుతో అంటించి, అత్తగారిని రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి అడగండి. షోరూమ్‌లో చూసి నిర్ణయించుకోవద్దు. అక్కడ మనం మూడడుగుల దూరంలో నిలబడతాం, వెలుగు పూర్తిగా పెంచి ఉంచుతారు, పైగా టీవీ అందంగా కనిపించడం కోసమే తీసిన 4కె వీడియో తిప్పి తిప్పి వేస్తుంటారు. అదే తెర మీద కేబుల్‌లో వచ్చే మామూలు తెలుగు చానల్ పెట్టమని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ మామూలు చానల్ పైనుంచి కిందికి 576 అడ్డగీతలతో ఏర్పడే బొమ్మే. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ బొమ్మ సాగి మసకబారుతుంది, 4కె తెర దానికి కొత్త వివరాలేమీ పుట్టించలేదు. హెచ్‌డీ ప్యాక్ ఉంటే 1,080 గీతలు వస్తాయి, అంటే ఫుల్ హెచ్‌డీ టీవీకి సరిగ్గా సరిపోయినన్ని. ఇక నెట్‌ఫ్లిక్స్. 2021 డిసెంబరులో తగ్గించిన ధరల ప్రకారం ఫుల్ హెచ్‌డీ వచ్చే ప్లాను నెలకు రూ.499, 4కె వచ్చేది రూ.649. పిల్లలు ఇప్పుడు చూస్తున్నది రూ.199 ప్లానులో అయితే 4కె టీవీ కొన్నా దాని మీద 720 గీతల బొమ్మే వస్తుంది. 4కె టీవీ కొన్నాం కదా అని 199 నుంచి 649కి మారితే నెలకు రూ.450, ఏడాదికి రూ.5,400, ఐదేళ్లకు రూ.27 వేలు అవుతుంది. మీకు చెప్పిన 43 అంగుళాల 4కె టీవీ ధరే అది.

నో కాస్ట్ ఈఎంఐ విషయానికి వస్తే, సున్నా వడ్డీ అన్న మాటే లేదని ఆర్‌బీఐ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. క్రెడిట్ కార్డు మీద జరిగేదేమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి, తర్వాత దాన్నే వడ్డీ రూపంలో వసూలు చేస్తారు. 16 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు నాలుగు వేల చొప్పున కట్టే మీ రూ.48 వేలలో వడ్డీ భాగం సుమారు రూ.3,900. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.700 పైచిలుకు మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ రుసుము రూ.199 అయినా దానికీ జీఎస్టీ కలిపితే మొత్తం అదనపు భారం రూ.940 దగ్గర తేలుతుంది. మూడేళ్ల కిందట కోఠిలో ఒక దుకాణంలో ఫ్రిజ్ కొన్నప్పుడు ఈ రుసుము గురించి నాకెవరూ చెప్పలేదు. నెల తిరిగాక కార్డు స్టేట్‌మెంటులో చూసుకుని, పదిమందికీ లెక్కలు చెప్పే నేనే అడగకుండా సంతకం పెట్టానని నవ్వుకున్నాను. అన్నట్టు, 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దాన్ని పండగ ఆఫరుగా చూపిస్తే నమ్మకండి, అది చట్టప్రకారం అందరికీ వచ్చేదే.

అసలు ఇబ్బంది ఆ తొమ్మిది వందల నలభై కాదు. మీ నెల ఖర్చు రూ.62 వేలు కాగా మీ అత్యవసర నిధి రెండు నెలలకు కూడా చాలదు. మిగిలే పన్నెండు వేలలో నాలుగు వేలు ఏడాది పాటు ఈఎంఐకి పోతే ఆ నిధి పెరిగే వేగం మూడో వంతు తగ్గుతుంది. అందుకని నా సలహా 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, అదీ రెండు నెలల మిగులుతో, నిధిని ముట్టుకోకుండా. ఈఎంఐ లేకుండా ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని కూడా అడగండి. కాగితం పరీక్షలో అత్తగారికి 43 నిజంగానే చిన్నదనిపించి, పాత టీవీ ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుందనుకుంటే, ఆ నాలుగు వేలను ఈఎంఐకి బదులు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ వచ్చే ఏడాది దసరాకు 55 అంగుళాలది తీసుకోండి. అప్పుడు వడ్డీ మీకు వస్తుంది. మీవారికి ఈ రెండు దారుల్లో ఏది నచ్చినా నాకు అభ్యంతరం లేదు.

బిల్లు తీసుకునేటప్పుడు వారంటీ ప్యానెల్‌కు, అంటే తెరకు కూడా వర్తిస్తుందో లేదో చూసుకోండి. గోడకు బిగించడానికి విడిగా ఎంత అడుగుతారో డబ్బు కట్టకముందే తేల్చుకోండి. మీది అద్దె ఇల్లు కాబట్టి గోడకు రంధ్రాలు వేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోకపోతే స్టాండు మీదే పెట్టుకోవాల్సి వస్తుంది, అప్పుడు ఆ అరడుగు లెక్కలో ఉంటుంది.