క్లాసు నా మాట వినడం లేదు, టీచర్‌గా పనికొస్తానా?

ప్రశ్న: బీఈడీ గణితం రెండో సంవత్సరంలో ఉన్నాను. మొదటి ఏడాది నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌లో 9వ తరగతి పిల్లలు నా మాట అసలు వినలేదు. స్మార్ట్ బోర్డు ఆన్ చేసేలోపే గోల. రెండుసార్లు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి ఏడ్చాను. ‘రెండు తగిలించు, వాళ్లే దారికొస్తారు’ అన్నారు అక్కడి సీనియర్ మేడం. ఇప్పుడు పదహారు వారాల ఇంటర్న్‌షిప్ రాబోతోంది. అది సంతకాలతో గడిపేసి డీఎస్సీ కోచింగ్‌కు వెళ్దామని ఫ్రెండ్స్ అంటున్నారు. 18 వేలు కట్టి ‘డిజిటల్ టీచింగ్’ సర్టిఫికెట్ కోర్సు చేస్తే నయమా? ఈసారి 6వ తరగతి ఇమ్మని అడగనా? అసలు నేను టీచర్‌గా పనికొస్తానా?
– ఒక విద్యార్థిని, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. పనికొస్తారు. ఒక పీరియడ్ వృథా అయిపోయిందని ఏడ్చారంటే, ఆ పిల్లలకు లెక్క రావాలని మీకు నిజంగా ఉంది. ఇక క్లాసును నడపడం అంటారా, అది నేర్చుకుంటే వచ్చే పని. మీకు దాన్ని ఇంకా ఎవరూ సరిగ్గా నేర్పలేదు, అంతే.

మీరు రాసిన దాంట్లో ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను: ‘స్మార్ట్ బోర్డు ఆన్ చేసేలోపే గోల.’ ఆ నాలుగైదు నిమిషాలు ఒకసారి గుర్తు చేసుకోండి. మీరు పిల్లలకు వీపు పెట్టి నిలబడ్డారు. ప్యానెల్ ఆన్ కావాలి, నెట్ రావాలి, వీడియో దొరకాలి. అంతసేపూ నలభై మంది పిల్లల చేతుల్లో ఏ పనీ లేదు. పద్నాలుగేళ్ల పిల్లలు ఖాళీగా కూర్చుంటే మాట్లాడుకోక ఏం చేస్తారు? అక్కడ తప్పు వాళ్లదీ కాదు, మీ గొంతుదీ కాదు.

జాకబ్ కౌనిన్ అని ఒక అమెరికన్ పరిశోధకుడు తరగతి గదులను వీడియో తీయించి, వాటిని గమనించి 1970లో ఒక పుస్తకం రాశారు. అల్లరి మొదలయ్యాక టీచరు ఎలా మందలిస్తే బాగా పనిచేస్తుందో కనిపెడదామని ఆయన మొదలుపెట్టారు. తీరా చూస్తే, మందలించే తీరులో మంచి టీచర్లకూ తడబడే టీచర్లకూ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. తేడా అంతా అల్లరి మొదలుకాక ముందే ఉంది. మంచి టీచరు గదిలో ఏ మూల ఏం జరుగుతోందో కనిపెట్టి ఉంటారు, ఒక పని నుంచి ఇంకో పనికి ఆలస్యం లేకుండా తీసుకెళ్తారు. ‘ఆ సారుకి వీపుకి కూడా కళ్లుంటాయిరా’ అని మన పిల్లలు అనేది అలాంటి వాళ్లనే.

నేను ఇరవై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. చేరిన మొదటి ఏడాది నాకూ 9వ తరగతే గండం. మా స్కూల్లో తెలుగు మాస్టారు ఒకాయన గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. ఒకరోజు ఆయన క్లాసు బయట నిలబడి చూశాను. బెల్లు కొట్టేసరికే ఆయన గుమ్మం దగ్గర ఉన్నారు. లోపలికి వచ్చే ప్రతి పిల్లవాడినీ పేరుతో పలకరిస్తున్నారు. నల్లబల్ల మీద అప్పటికే ఒక ప్రశ్న రాసి ఉంది. పిల్లలు కూర్చుంటూనే నోటుబుక్కు తీసి జవాబు రాయడం మొదలుపెట్టారు. మర్నాటి నుంచి నేనూ అదే చేశాను. రెండు వారాలు పట్టింది, కానీ క్లాసు మారింది.

మీరూ అలాగే మొదలుపెట్టండి. వెళ్లిన మొదటి వారంలోనే బెంచీల వరుసలో పేర్లు రాసిన కాగితం ఒకటి తయారు చేసుకోండి. ‘ఏయ్ బ్లూ షర్ట్’ అని పిలిస్తే ఎవరూ పలకరు. ప్రశ్న ముందు అడిగి, ఆగి, తర్వాత పేరు పిలవండి. పేరు ముందు పిలిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందికీ ఆలోచించే అవసరం పోతుంది. ఆ ఆగడం కూడా ముఖ్యమే. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనిస్తే, టీచర్లు ప్రశ్న అడిగి సెకను కూడా ఆగడం లేదని తేలింది. కనీసం మూడు సెకన్లు ఆగినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పని వాళ్లూ మాట్లాడారు. మూడు సెకన్లంటే కొత్త టీచరుకు చాలా పొడవుగా అనిపిస్తుంది. మనసులో లెక్కపెట్టుకోండి.

గోలకు ఇంకో కారణం కూడా ఉంటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. భిన్నాల కూడిక రాని పిల్లవాడు 9వ తరగతి బీజగణితంలో ఎంతసేపు నిశ్శబ్దంగా కూర్చుంటాడు? మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూల్ వాళ్లు గ్రామీణ బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేరుస్తారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్లు పని చేసుకుంటారు. తమిళనాడులో వచ్చిన కృత్య ఆధారిత బోధనకు (పిల్లలు పనులు చేస్తూ నేర్చుకునే పద్ధతికి) స్ఫూర్తి కూడా ఇదే. మీరు అంత పెద్ద ఏర్పాటు చేయనక్కర్లేదు. రోజూ ఇచ్చే లెక్కలను మూడు స్థాయిల్లో ఇవ్వండి చాలు. వెనక బెంచీ పిల్లవాడి నోటుబుక్కులో ఒక్క రైట్ మార్కు పడితే ఆ రోజంతా అతను మీ వైపే ఉంటాడు.

కొట్టడం గురించి. వద్దు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. తిట్టి అవమానించడమూ అందులోకే వస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బ భయంతో లెక్కల పీరియడ్ అంటేనే ముడుచుకుపోయిన పిల్లలను నేను చాలామందిని చూశాను. ఆ మేడం మీ మేలు కోరే చెప్పి ఉంటారు. ఆమెతో వాదించకండి, మీ క్లాసులో మాత్రం అది చేయకండి.

ఇక స్మార్ట్ బోర్డు. దాన్ని వదిలేయమని నేను చెప్పను. అర్ధవృత్తంలోని కోణం 90 డిగ్రీలని సుద్దముక్కతో మీరు రెండు బొమ్మలు గీసి చూపగలరు. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో కోణం ఉన్న బిందువును పరిధి మీద లాగుతూ పోతే కోణం మారకపోవడాన్ని పిల్లలు కళ్లారా చూస్తారు. అయితే లాగే ముందు ‘కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, రాయండి’ అని వాళ్ల చేత నోటుబుక్కులో ఊహ రాయించండి. మీరు ప్యానెల్ సరిచేసుకునే సమయం కూడా అలా దొరుకుతుంది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు చూపించి ఆపేయండి. జియోజీబ్రా ఉచితం, నెట్ లేకుండా కూడా నడుస్తుంది. ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలు ముందురోజు రాత్రే ఫోన్లోకి దించుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ముందే ఒకసారి తెరిచి చూసుకోండి. కరెంటు పోతే నల్లబల్ల మీద ఏం చేస్తారో లెసన్ ప్లాన్‌లో ఒక వరుస రాసి పెట్టుకోండి.

ఇది తెలిశాక ఆ 18 వేలు ఎందుకు? కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో విద్యా సాంకేతికత మీద కోర్సులు ఉచితంగా చదవొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

మీ ఫ్రెండ్స్ లెక్క ఒకవైపు నుంచి సరైనదే. స్కూల్ అసిస్టెంట్ డీఎస్సీలో రాత పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. డెమో, అంటే పాఠం చెప్పి చూపించడం, లేదు. కానీ ఉద్యోగం వచ్చాక క్లాసులో మీ పక్కన ఎవరూ ఉండరు. డీఎస్సీ వచ్చేదాకా ప్రైవేటు స్కూల్లో చేరదామన్నా అక్కడ తీసుకునేది డెమో చూసే. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయి, ఇంటర్న్‌షిప్ మొత్తం ఇరవై వారాలు అయింది. తప్పు చేసినా సరిదిద్దేవాళ్లు పక్కన ఉండే రోజులు మళ్లీ రావు. కోచింగ్ సాయంత్రాలు పెట్టుకోండి.

వెళ్లేముందు మీ మెథడాలజీ (బోధనా పద్ధతుల) లెక్చరర్‌ను మైక్రో టీచింగ్ నిజంగా చేయించమని అడగండి. చిన్న పాఠం చెప్పి, లోపాలు సరిదిద్దుకునే సాధన అది. దాన్ని రికార్డు పుస్తకంలో రాసి వదిలేసి ఉంటారు, చాలా కాలేజీల్లో అంతే. ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు లోపాలు వినడం, పన్నెండు నిమిషాలు మార్చుకోవడం, మళ్లీ చెప్పడం, మళ్లీ వినడం: మొత్తం 36 నిమిషాల పని. ప్రశ్న అడిగే నైపుణ్యం మీద ఇద్దరు స్నేహితులతో దీన్ని నిజంగా రెండుసార్లు చేయండి. స్కూల్లో అయితే హెచ్‌ఎం అనుమతి తీసుకుని మీ గొంతు మాత్రం ఫోన్‌లో రికార్డు చేసుకోండి, పిల్లల ఫొటోలు, వీడియోలు వద్దు. రాత్రి వింటే ఎన్ని సెకన్లు ఆగారో మీకే తెలుస్తుంది.

6వ తరగతి అడగొద్దు. అదే స్కూలు, అదే సెక్షన్ ఇమ్మని అడగండి. వాళ్లు ఇప్పుడు 10వ తరగతిలో ఉంటారు, పరీక్షల సంవత్సరం కాబట్టి హెచ్‌ఎం ఒప్పుకోకపోతే కొత్త 9వ తరగతి తీసుకోండి. ఆరో వారం అయ్యాక నాకు మళ్లీ రాయండి. ముఖ్యంగా వెనక బెంచీ వాళ్ల గురించి.